చిరునామా అడిగే సంచారి వీసా



నెల రోజులుగా విజయవాడలో అమ్మ దగ్గర ఉన్నాను. ఈ నెలలో మా బంధువుల పిల్లలు ఎంతమంది వచ్చారో, అంతమందీ ఒకటే అడిగారు. "అక్కా, ల్యాప్‌టాప్, నెట్ ఉంటే చాలంటగా? ఏ దేశంలో కావాలంటే ఆ దేశంలో కూర్చుని పని చేసుకోవచ్చంటగా? అదేదో డిజిటల్ నొమాడ్ వీసా అంట, నీకెలా వచ్చింది?" అడిగిన వాళ్ళందరికీ ఓపిగ్గా చెప్పాను. చెప్పగా చెప్పగా నాకొకటి తట్టింది. అందరూ అడిగేది వీసా రావడం గురించే. వచ్చాక దాన్ని నిలబెట్టుకోవడం గురించి ఒక్కరూ అడగలేదు. అసలు కష్టమంతా అక్కడే ఉంది. అందుకే ఇవాళ ఈ ప్రసంగానికి ఒప్పుకున్నాను.

నొమాడ్ అంటే సంచారి. ఒకచోట నిలవని మనిషి. కానీ నేను 2024 జనవరిలో స్పెయిన్‌లోని వాలెన్సియా నగరంలో దిగాక ఆ దేశం నన్ను మొదట అడిగింది ఇంటి నంబరు. ఏ వీధి, ఏ అంతస్తు, ఏ తలుపు. అది చెప్పేదాకా మిగతా ఏ పనీ కదల్లేదు. ఈ రెండేళ్ళలో నాకు అర్థమైనదంతా ఆ మొదటి ప్రశ్నలోనే ఉంది. పేరు సంచారి వీసా. అడిగేది మాత్రం స్థిరంగా ఉన్నావన్న రుజువు.

ఈ వీసాల పుట్టుక గురించి రెండు మాటలు చెప్పి ముందుకు వెళ్తాను. ఇంట్లోంచి చేసే ఉద్యోగాలు కరోనా రోజుల్లో లోకమంతా పాకాయి. పర్యాటకులు లేక హోటళ్ళు ఖాళీ అయిన దేశాలు, మీ జీతం మీ దేశం నుంచే తెచ్చుకోండి, మా దగ్గర ఉండి ఖర్చు పెట్టండి అని పిలవడం మొదలుపెట్టాయి. కరీబియన్ దీవి బార్బడోస్ 2020 జులైలో పిలిచింది. ఆ ఆగస్టు 1న ఎస్టోనియా ఏకంగా ఆ పేరుతోనే వీసా పెట్టింది. తరవాత క్రొయేషియా, దుబాయ్, పోర్చుగల్, మలేషియా, 2024లో థాయ్‌లాండ్, జపాన్ వరస కట్టాయి. అన్నీ మనకు దొరికేవి కావు. జపాన్‌ది ఆరు నెలల అనుమతి, అదీ వీసా మినహాయింపు ఉన్న దేశాల వాళ్ళకే. కొన్ని దేశాల్లో ఏడాది కాగానే సర్దుకుని వచ్చేయాలి. స్పెయిన్‌ది వేరు. అక్కడ ఐదేళ్ళు నియమాల ప్రకారం ఉంటే శాశ్వత నివాసానికి దారి ఉంది. నేను దాన్ని ఎంచుకోవడానికి కారణం అదే. నాకు తెలిసింది కూడా అదొక్కటే కాబట్టి దాని గురించే చెబుతాను.

స్పెయిన్ పార్లమెంటు 2022 డిసెంబరులో అంకుర సంస్థల కోసం ఒక చట్టం చేసింది. దాని నంబరు 28/2022. వేరే దేశపు సంస్థకు దూరం నుంచి పని చేసే విదేశీయులకు నివాస అనుమతి అందులో ఒక భాగం. ఆ అనుమతి పేరులో నొమాడ్ అన్న మాట లేదు. అంతర్జాతీయ స్వభావం గల దూరపని అన్నారు. డిగ్రీ గానీ, మూడేళ్ళ అనుభవం గానీ ఉండాలి. మనం పని చేసే సంస్థ కనీసం ఏడాదిగా నడుస్తూ ఉండాలి. దానితో మన సంబంధానికి కనీసం మూడు నెలల వయసుండాలి. దూరం నుంచి చేసుకోవచ్చని ఆ సంస్థ రాసివ్వాలి. నేర చరిత్ర ఉండకూడదు. ఆరోగ్య బీమా ఉండాలి. ఇక ఆదాయం స్పెయిన్ కనీస వేతనానికి రెండింతలు ఉండాలి.

ఈ రెండింతల దగ్గర కాస్త ఆగాలి. ఇది ఒకచోట నిలిచే అంకె కాదు. కనీస వేతనం పెరిగినప్పుడల్లా ఇదీ పెరుగుతుంది. 2023లో నెలకు 2,520 యూరోలు. 2024లో 2,646. 2025లో 2,763. మన డబ్బుల్లో రెండున్నర లక్షలకు పైమాట. భర్తో భార్యో తోడు వస్తే కనీస వేతనంలో ముప్పావు వంతు కలపాలి. ఒక్కొక్క బిడ్డకూ పావు వంతు. మొదటిసారి దరఖాస్తు పెట్టేటప్పుడు గీతకు కొంచెం పైన ఉన్నవాళ్ళు, కొనసాగింపు నాటికి గీత కిందికి జారిపోవచ్చు. జీతం రూపాయల్లో వచ్చేవాళ్ళకైతే యూరో ధర పెరిగినా అదే గతి. కాబట్టి నన్ను అడిగిన పిల్లలకు నేను మొదట చెప్పే మాట ఇది. ఇవాళ్టి అంకెతో సరిపోల్చుకోవద్దు. మూడేళ్ళ తరవాతి అంకె ఎంత ఉండొచ్చో ఊహించుకుని, అప్పటికీ మిగులు ఉంటుందనుకుంటేనే బయల్దేరండి.

నా సంగతికి వస్తాను. సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకు అర్థమయ్యేలా వివరాలు రాసిపెట్టడం నా పని. బెంగళూరులో ఒక సంస్థలో ఉద్యోగం. ఉద్యోగిగానే వెళ్దామనుకున్నాను. కుదరలేదు. దూరం నుంచి పని చేసే ఉద్యోగికి సాంఘిక భద్రత చందా ఎక్కడ కడుతున్నారని స్పెయిన్ అడుగుతుంది. రెండు దేశాల మధ్య ఒప్పందం ఉంటే స్వదేశంలో కడుతున్నట్టు పత్రం చూపిస్తే సరిపోతుంది. పోర్చుగల్‌తో మనకు అలాంటి ఒప్పందం ఉంది. స్పెయిన్‌తో నేను దరఖాస్తు పెట్టేనాటికి లేదు. అంటే నా సంస్థ స్పెయిన్‌లో యజమానిగా నమోదై, నా కోసం అక్కడ చందా కట్టాలి. ఒక్క మనిషి కోసం ఏ సంస్థ చేస్తుంది? మిగిలింది ఒకటే దారి. ఉద్యోగం మానేసి, అదే సంస్థకు స్వతంత్రంగా పని చేసే కన్సల్టెంటుగా మారడం. అలాంటివాళ్ళను స్పానిష్ భాషలో అవుతోనొమో అంటారు. చందా ఎవరిది వాళ్ళే కట్టుకోవాలి.

వినడానికి ఇది కాగితం మార్పు. కానీ ఆ రోజుకు నా ఉద్యోగానికి నాలుగేళ్ళ రెండు నెలలు. ఐదేళ్ళు నిండితే గ్రాట్యుటీ వచ్చేది, వదులుకున్నాను. పీఎఫ్ ఆగిపోయింది. అమ్మకు కూడా వర్తించే ఆఫీసు ఆరోగ్య బీమా పోయింది. ఆమె వయసుకు విడిగా బీమా కొనాల్సి వచ్చింది. పైగా కొత్త ఒప్పందానికి మూడు నెలలు నిండేదాకా దరఖాస్తు పెట్టకూడదు. ఆ మూడు నెలలూ అటు ఉద్యోగమూ లేదు, ఇటు వీసా వస్తుందన్న నమ్మకమూ లేదు. ఈ లెక్క ఎవరూ ముందు చెప్పరు. వీసా రుసుము, విమానం టికెట్, అద్దె అడ్వాన్సు లెక్క వేస్తారు. వదులుకునేదాన్ని లెక్కలో రాసుకోరు.

ఆ తరవాత కాగితాలు. ఇక్కడ మన తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా ఒక ఇబ్బంది ఉంది. అది మన పేర్లు. నా పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం. డిగ్రీలోనూ అంతే. పాస్‌పోర్టులో మాత్రం ఇంటిపేరు పూర్తిగా ఉంది. పోనీ అనుకుంటే నా పేరు ఇంగ్లీషు స్పెల్లింగు కాలేజీలో ఒకలా, పాస్‌పోర్టులో ఒకలా పడింది. ఒకచోట టీ, ఇంకోచోట టీహెచ్. మనకది అలవాటే. మన ఆఫీసుల్లో ఎవరూ పట్టించుకోరు. అక్కడ మాత్రం ఆ ఒక్క అక్షరంతో ఇద్దరు మనుషులవుతాం. స్పెయిన్‌లో ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లు ఉంటాయి, మొదటిది సాధారణంగా నాన్నది, రెండోది అమ్మది. దరఖాస్తులో రెండింటికీ గడులు ఉంటాయి. మన అమ్మాయిల పాస్‌పోర్టులు కొన్నింటిలో ఇంటిపేరు గడే ఖాళీగా ఉంటుంది. వాళ్ళకు ఈ చిక్కు ఇంకా పెద్దది.

డిగ్రీ పట్టాకు ముందు రాష్ట్ర స్థాయిలో ధ్రువీకరణ, ఆ పైన విదేశాంగ శాఖ వారి అపోస్టిల్ ముద్ర కావాలి. అపోస్టిల్ ఒప్పందం మన దేశంలో 2005 నుంచి అమల్లో ఉంది కాబట్టి ఆ ముద్ర ఉంటే రాయబార కార్యాలయం చుట్టూ మళ్ళీ తిరగక్కర్లేదు. పాస్‌పోర్టు ఆఫీసు ఇచ్చే పోలీసు క్లియరెన్సుకీ అదే ముద్ర. తరవాత అన్నిటినీ స్పానిష్‌లోకి ప్రమాణం చేసిన అనువాదకులతో మార్పించాలి. అనువాదకులు ఉన్నది ఉన్నట్టే రాస్తారు, మన తప్పు దిద్దరు. టీ, టీహెచ్ రెండూ నేనేనని అఫిడవిట్ చేయించి, దానికీ ముద్ర వేయించి, దానికీ అనువాదం చేయించి పెట్టాను. పోలీసు పత్రం పాతబడితే పనికిరాదు కాబట్టి దాన్ని అన్నిటికన్నా చివర తీసుకోవాలి. నేను మొదట తీసుకున్నాను. మళ్ళీ తీసుకోవాల్సి వచ్చింది. వెళ్ళాలన్న ఆలోచన ఇంకా మొలకగా ఉన్నప్పుడే పేర్లు సరిచేయించుకోండి. ఏ దేశానికి వెళ్ళినా వెళ్ళకపోయినా పనికొస్తుంది.

వీసా వచ్చింది. ఏడాదికి. కాన్సులేటు ద్వారా వెళ్తే ఇచ్చేది గరిష్ఠంగా అంతే.

వాలెన్సియాలో దిగాక చెప్పానుగా, ఇంటి నంబరు. స్పెయిన్‌లో నివసించే ప్రతి మనిషీ తానుండే ఊరి మునిసిపాలిటీ పట్టీలో పేరు రాయించుకోవాలి. ఆ పట్టీని పద్రోన్ అంటారు. బ్యాంకు ఖాతా, డాక్టరు, గుర్తింపు కార్డు, అన్నీ చాలాచోట్ల దాని మీదే ఆధారపడతాయి. పద్రోన్‌లో పేరెక్కాలంటే అద్దె ఒప్పందం చూపాలి. అద్దె ఒప్పందం కావాలంటే ఆదాయం చూపాలి. నా ఆదాయం మరో దేశంలో, మరో కరెన్సీలో. కొందరు ఇంటివాళ్ళు అద్దెకు ఇస్తామన్నారు కానీ పద్రోన్‌లో రాయించుకోవద్దన్నారు. ఐదు వారాలు పర్యాటకులకిచ్చే గదిలో, రెట్టింపు డబ్బు కట్టి ఉన్నాను. చివరికి రుసాఫా పేటలో ఒక పెద్దావిడ, ఆరు నెలల అద్దె ముందే ఇస్తే ఒప్పందం రాస్తానంది. ఇచ్చాను. పద్రోన్ కాగితం చేతికొచ్చిన రోజు అమ్మకు ఫోటో పంపాను. "వీసా వచ్చిన రోజు కూడా ఇంత సంబరపడలేదే" అంది.

అప్పుడు నాకు గుర్తొచ్చింది మన ఊళ్ళ సంచారులు. ఉయ్యూరు దగ్గర మా పల్లెకు సంక్రాంతికి గంగిరెద్దుల వాళ్ళు, కోతల కాలంలో బుడబుక్కల వాళ్ళు వచ్చేవాళ్ళు. ఇంటి నంబరు లేక, పుట్టిన తేదీ కాగితం లేక, రేషన్ కార్డుకూ పిల్లల బడికీ వాళ్ళు పడిన పాట్లు చిన్నప్పుడు అర్థం కాలేదు. తెల్లవాళ్ళు 1871లో చేసిన నేరస్థ జాతుల చట్టం తిరిగే జనాన్ని పుట్టుకతోనే దొంగలుగా రాసేసింది. ఎరుకల వాళ్ళను స్టువర్టుపురంలో తెచ్చి కూర్చోబెట్టి హాజరు తీసుకున్నారు. ఆ చట్టం 1952లో పోయినా మచ్చ చాలాకాలం పోలేదు. తిరుగుతూ బతికేవాళ్ళను ఏ ప్రభుత్వమూ తేలిగ్గా నమ్మదు. నాకు వీసా ఇచ్చింది నేను తిరుగుతానని కాదు, నా ఖాతాలో నెలనెలా డబ్బు పడుతుందని. ఆ తేడా నేను మరిచిపోకూడదనుకుంటాను.

ఇంకో మాట కూడా చెప్పాలి. వాలెన్సియాలో అద్దెలు స్థానికులకు అందడం లేదు. 2024లో స్పెయిన్ నగరాల్లో ఇళ్ళ ధరల మీద జనం వేలల్లో రోడ్డెక్కారు. మా మెట్ల కింద దుకాణంలో పని చేసే అమ్మాయి నాకు దొరికినలాంటి ఇల్లు తనకు దొరక్క, ఊరి బయట నుంచి రోజూ రైల్లో వస్తుంది. బయటి జీతంతో వచ్చిన నాలాంటివాళ్ళు ఆ ధర పెరగడంలో భాగమే. కొండాపూర్‌లో, గచ్చిబౌలిలో ఐటీ జీతాలు వచ్చాక పాత అద్దెదారులు ఎటు పోయారో మనకు తెలుసు. నేను చేయగలిగింది పెద్దగా లేదు. ఏడాదికి ఒప్పందం రాసుకుని ఉన్నాను, పన్ను అక్కడే కడుతున్నాను, వాళ్ళ భాష నేర్చుకుంటున్నాను. అంతటితో నా వంతు తీరిపోయిందని అనుకోవడం లేదు.

ఇక నిలబెట్టుకోవడం. దీనికి నా దగ్గర గోడమీద ఒక క్యాలెండరు ఉంది. అందులో మూడు రంగులు.

ఎర్ర రంగు స్పెయిన్ పన్నుది. జనవరి నుంచి డిసెంబరు దాకా లెక్కిస్తే 183 రోజులు దాటి ఆ దేశంలో ఉంటే పన్ను విషయంలో నేను అక్కడి మనిషిని. నా ఆదాయం ఎక్కడిదైనా వాళ్ళకు చెప్పాలి. మధ్యలో ఊరికి వచ్చిపోయిన రోజులు కూడా అక్కడ ఉన్నట్టే లెక్క, ఇంకో దేశంలో పన్ను నివాసినని పత్రం చూపితే తప్ప. నీలం రంగు మనదేశపు పన్నుది. ఇక్కడ ఏప్రిల్ నుంచి మార్చి. 182 రోజుల లెక్క. నేను 2024 జనవరిలో వెళ్ళాను కాబట్టి అంతకు ముందు ఏప్రిల్ నుంచీ ఇక్కడే ఉన్నట్టు, ఆ ఆర్థిక సంవత్సరానికి నేను భారత నివాసినే. అదే సమయంలో 2024 మొత్తానికీ స్పెయిన్ నివాసిని. అంటే జనవరి, ఫిబ్రవరి, మార్చి, ఈ మూడు నెలల్లో రెండు దేశాలూ నన్ను తమ మనిషిగా రాసుకున్నాయి. ఒకే ఆదాయం మీద రెండుసార్లు పన్ను పడకుండా 1993 నాటి ఒప్పందం ఉంది. ఉన్నా, అది తనంతట తాను వచ్చి కాపాడదు. ఇక్కడ కట్టిన పన్ను రుజువులు అక్కడ, అక్కడి నివాస పత్రం ఇక్కడ పెట్టుకోవాలి. ఇక్కడి సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్చుకోవాలి. ఈ సంగతి తెలియక పాత ఖాతానే వాడుతున్నవాళ్ళు నాకు తెలిసి చాలామంది.

అవుతోనొమోకు మూడు నెలలకోసారి లెక్క చెప్పే పని ఉంటుంది. ఏప్రిల్ 20, జులై 20, అక్టోబరు 20, జనవరి 30. ఆదాయం వచ్చినా రాకపోయినా పత్రం దాఖలు చేయాలి. సాంఘిక భద్రత చందా మొదటి ఏడాది కొత్తవాళ్ళకు తగ్గింపుతో 2024లో నెలకు సుమారు 80 యూరోలు ఉండేది. తరవాత ఆదాయాన్ని బట్టి చాలా పెరుగుతుంది. బెకం చట్టమని ఒకటుంది, ఫుట్‌బాల్ ఆటగాడు బెకం పేరు మీద జనం అలా పిలుస్తారు. కొత్తగా వచ్చిన వాళ్ళకు ఆరు లక్షల యూరోల వరకు 24 శాతం పన్నే. అది ప్రధానంగా జీతగాళ్ళ కోసం. నాలా స్వతంత్రంగా పని చేసేవాళ్ళకు మామూలుగా వర్తించదు, మెట్టు మెట్టుకూ పెరిగే పన్నే. అర్హత ఉన్నవాళ్ళు కూడా చందాదారుగా నమోదైన ఆరు నెలల్లోపు అడగాలి. గడువు దాటితే పోయినట్టే. ఇంకొకటి మన వాళ్ళెవరూ ఊహించనిది: విదేశాల్లో ఉన్న ఆస్తి ఒక రకంలో 50 వేల యూరోలు దాటితే మార్చి 31లోగా స్పెయిన్ ప్రభుత్వానికి తెలియజేయాలి. దాని నమూనా నంబరు 720. 50 వేల యూరోలంటే సుమారు 50 లక్షలు. విజయవాడలో నాన్న కట్టించిన ఇంట్లో నా వాటా అక్కడికి చేరుతుంది. ఊళ్ళో స్థలం గురించి యూరప్‌లో ఎవరు అడుగుతారులే అనుకోవద్దు. ఈ లెక్కలు చూసే వృత్తివాళ్ళను అక్కడ హెస్తోర్ అంటారు. ఏ ఖర్చు తగ్గించుకున్నా ఆ ఖర్చు తగ్గించుకోకండి.

మూడో రంగు ఆకుపచ్చ. అది కాగితాల గడువులది. వీసా, కార్డు, అద్దె ఒప్పందం, పని ఒప్పందం. ఒకటి తప్పితే ఇంకొకటి పడుతుంది. పని ఇచ్చే సంస్థ మారితే తెలియజేయాలి. పని పోతే, కొత్త ఒప్పందం దొరికేదాకా నిద్ర పట్టదు. నాకు 2024 జూన్‌లో సంస్థ పని సగానికి తగ్గిస్తామంది. సగమైతే ఆదాయం గీత కిందికి పోతుంది. ఇంకో ఇద్దరు ఖాతాదారులను వెతుక్కున్నాను. అందులో ఒకరు స్పెయిన్ వాళ్ళు. స్పెయిన్ సంస్థల నుంచి వచ్చేది మొత్తం పనిలో 20 శాతం దాటకూడదని చట్టం. ఆ నెల నుంచి ప్రతి బిల్లుకూ శాతం వేసి చూస్తున్నాను.

ఆ ఏడాది సెప్టెంబరు 1న ఇక్కడ విజయవాడలో బుడమేరు వాగు పొంగింది. అమ్మ అప్పుడు సింగ్ నగర్‌లో పిన్ని వాళ్ళింట్లో ఉంది. కింది అంతస్తు మునిగిపోయింది. పైన ఏడుగురు, కరెంటు లేదు, ఫోన్లు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. డ్రోన్లతో అన్నం పొట్లాలు వేస్తున్నారని టీవీలో చూసి, అందులో ఒకటి ఆ మేడ మీద పడిందో లేదో తెలియక రెండు రాత్రులు కూర్చున్నాను. నాలుగో రోజు పడవలో బయటికి వచ్చారు. నేను వెళ్ళలేదు. వెళ్ళినా ఆ నీళ్ళు దాటి చేరలేను అని నాకు నేను చెప్పుకున్నాను. నిజమే. కానీ ఆ వారం గోడ మీద రంగుల వైపు చూడబుద్ధి కాలేదు.

రెండు నెలలు తిరక్కముందే, అక్టోబరు 29 సాయంత్రం, వాలెన్సియా చుట్టూ ఆకాశం విరిగిపడింది. 220 మందికి పైగా చనిపోయారు. మా పేటలో ఒక్క చుక్క నిలవలేదు. దానికి కారణం ఉంది. 1957లో తూరియా నది నగరాన్ని ముంచాక, నదినే నగరానికి దక్షిణంగా కొత్త కాలువ తవ్వి మళ్ళించారు. పాత నదీగర్భం ఇప్పుడు కిలోమీటర్ల పొడవున తోట. ఆ కాలువ నగరాన్ని కాపాడింది. కాలువకు అవతల ఉన్న పైపోర్తా, కతరోహా, అల్ఫఫార్ లాంటి ఊళ్ళు మునిగిపోయాయి. మర్నాటి నుంచి నగరంలో జనం చీపుర్లు, పారలు, నీళ్ళ డబ్బాలు పట్టుకుని కాలిబాట వంతెన మీదుగా ఆ ఊళ్ళకు నడిచారు. వేలమంది. నేనూ నడిచాను. ఒక ఇంట్లో మోకాలి దాకా బురద తోడాం. ఆ ఇంటి పెద్దాయన నా రబ్బరు బూట్లు చూసి ఎక్కడి నుంచి వచ్చావమ్మా అని అడిగాడు. ఇండియా అనబోయి, రుసాఫా అన్నాను. అప్పుడు తెలిసింది నాకు, ఆ ఊరు నాదవడం మొదలైందని. సింగ్ నగర్ బురద నేను తోడలేదు. ఆ బరువు అలాగే ఉంది.

నవంబరులో వీసాను నివాస అనుమతిగా మార్చమని అడగాల్సి వచ్చింది. గడువుకు 60 రోజుల ముందు నుంచి పెట్టొచ్చు. దీన్ని చూసే విభాగం మాడ్రిడ్‌లో ఉంది. అంతా ఆన్‌లైన్. 20 పనిదినాల్లో జవాబు చెప్పాలి, చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. మౌనం అర్ధాంగీకారమని మనం అంటాం, ఈ విషయంలో వాళ్ళ చట్టానికి మౌనం పూర్తి అంగీకారం. నాకు జవాబే వచ్చింది, మూడేళ్ళకు. ఆ తరవాత పోలీసు కార్యాలయంలో వేలిముద్రలు ఇచ్చి, కార్డు కోసం ఎదురుచూడాలి.

ఆ ఎదురుచూపులో ఉండగా, 2025 మార్చిలో, అమ్మ స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. పాత వీసా గడువు అయిపోయింది. కొత్త కార్డు ఇంకా చేతికి రాలేదు. అలా బయల్దేరితే ఇండియా రావచ్చు, తిరిగి స్పెయిన్‌లోకి పోవడానికి ఆధారం ఉండదు. దీనికి ఒక కాగితం ఉంది. తిరిగి రావడానికి అనుమతి. వాళ్ళు రెగ్రేసో అంటారు. 90 రోజులు చెల్లుతుంది. దానికి సమయం తీసుకోవాలి, సమయాలు ఖాళీ లేవు. ఆ రాత్రంతా, ఎవరైనా రద్దు చేసుకుంటే దొరుకుతుందేమోనని నిమిషానికోసారి తెర మీద చూస్తూ కూర్చున్నాను. తెల్లవారుజామున ఒకటి దొరికింది. ఆసుపత్రి కాగితం ఫోటో పట్టుకెళ్ళాను. కౌంటరులో ఉన్నావిడ చదివి, కాగితం మీద ముద్ర వేసి, అమ్మ పేరెలా పలకాలని అడిగింది. చెప్పాను. తనూ పలికి చూసింది.

ఆపరేషన్‌కు ఆరు గంటల ముందు చేరుకున్నాను.

ఇప్పుడు నన్ను అడిగిన పిల్లలకు సూటిగా చెబుతాను. అనుమతి పెండింగులో ఉన్న నెలల్లో ఇంటి నుంచి ఏ ఫోనైనా రావచ్చని ముందే అనుకుని ఉండండి. తిరుగు అనుమతి ఎలా తీసుకోవాలో ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే తెలుసుకోండి. అన్నయ్యో చెల్లో ఎవరో ఒకరు అమ్మానాన్నల దగ్గర లేకపోతే, ఇంకో రెండేళ్ళు ఆగండి, లేదా దగ్గరి దేశం చూసుకోండి. పెద్ద చదువుల వీసాకో పెద్ద కంపెనీ బదిలీకో ఉన్న అండ దీనికి లేదు. మీకు మీరే కంపెనీ, మీకు మీరే హెచ్ఆర్, మీకు మీరే అకౌంటెంటు. పనికి మించిన పని ఇది. వేసవిలో మనకూ వాళ్ళకూ మూడున్నర గంటల తేడా, చలికాలంలో నాలుగున్నర. బెంగళూరులో పది గంటల మీటింగుకు నేను చలికాలంలో ఐదున్నరకు చీకట్లో కూర్చుంటాను. అయినా వెళ్ళినందుకు నేను బాధపడటం లేదు. పని అవగానే మధ్యాహ్నం నా చేతిలో ఉంటుంది. సైకిలు మీద అల్బుఫేరా మడుగు దాకా పోతాను. దాని చుట్టూ వరి పొలాలు. నీళ్ళు పెట్టిన రోజుల్లో చూస్తే ఉయ్యూరు కాలువ గట్టు మీద ఉన్నట్టే ఉంటుంది, గాలి వాసన కూడా.

వాలెన్సియాలో నాకు బాగా నచ్చినది ఒకటుంది. వారం వారం గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి, పెద్ద చర్చి గుమ్మం ముందు నీటి న్యాయస్థానం కూర్చుంటుంది. సాగు కాలువల రైతులు ఎన్నుకున్న ప్రతినిధులు నల్లటి అంగీలు వేసుకుని గుండ్రంగా కూర్చుంటారు. ఏ కాలువ రైతుకైనా ఫిర్యాదుందా అని పేరుపేరునా పిలుస్తారు. ఉంటే అక్కడే విని, అక్కడే తేల్చేస్తారు. వాదనంతా నోటిమాట మీదే నడుస్తుంది. శతాబ్దాలుగా ఇలాగే. 2009లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. మా నాన్న బతికుండగా నీటి సంఘం తగాదాలతో ఎన్ని కాగితాలు మోశాడో నాకు గుర్తు. ఆయన్ని తీసుకెళ్ళి చూపించాలనిపిస్తుంది.

2026 జనవరికి నేను వాలెన్సియా చేరి రెండేళ్ళు. శాశ్వత నివాసం లేని విదేశీయులు పద్రోన్‌లో పేరును రెండేళ్ళకోసారి కొత్తగా రాయించుకోవాలి. లేకపోతే పట్టీలోంచి కొట్టేస్తారు. మునిసిపాలిటీ వాళ్ళ ఉత్తరం ఇంటికి వచ్చిందని ఇంటామె ఫోటో పంపింది. పాస్‌పోర్టు, కార్డు పట్టుకుని వెళ్ళి అదే చిరునామా అని చెప్పి సంతకం చేయాలి. నాకు గురువారం ఉదయం పదకొండుకు సమయం దొరికింది. పది నిమిషాల పని. అక్కడి నుంచి చర్చి గుమ్మం నడకదూరమే, పన్నెండు లోపు చేరుకోవచ్చు.